క్వార్టర్ తాళాలు అప్పగించిన తరువాత

ఉక్కునగరం క్వార్టర్‌లో కాపురమున్న కుటుంబానికి కుళాయి కారితే ఏమి చేయాలో తెలుసు. టౌన్ అడ్మినిస్ట్రేషన్ విభాగంలో ఫిర్యాదు రాయించాలి, మనిషి వచ్చేదాకా ఎదురు చూడాలి. వీధి దీపం వెలగకపోయినా అంతే, మురుగు పొంగినా అంతే. పని ఆలస్యమైతే విసుక్కుంటాము. అంతేగాని ఆ దీపానికి డబ్బు ఎక్కడి నుండి వస్తోంది, ఆ లెక్క ఎవరు చూస్తున్నారు అన్న మాట మన ఇళ్లలో రాదు. ముప్ఫై ఏళ్లు ఇలా గడిపి, పదవీ విరమణ తరువాత క్వార్టర్ తాళాలు అప్పగించి, కూర్మన్నపాలెంలోనో దువ్వాడలోనో గాజువాకలోనో కట్టుకున్న సొంత ఇంటికి వెళ్తాము. అక్కడ ఒకనాడు బోరు మోటారు కాలిపోతుంది. ఫిర్యాదు ఎవరికి రాయించాలి?

ఈ వారం పాఠం ఆ ప్రశ్న గురించే.

ముందుగా మన పట్టణం పుట్టుక చూద్దాం. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రమంతా కదిలింది. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దానితోపాటే సెక్టార్లుగా గీసిన ఉక్కునగరం లేచింది. మామూలు ఊళ్లో ముందు మనుషులు వస్తారు, తరువాత ఎప్పటికో రోడ్డు వస్తుంది. ఇక్కడ రోడ్లు, నీటి గొట్టాలు, బడులు, ఆసుపత్రి ప్లానులో ముందే ఉన్నాయి. మనుషులు తరువాత వచ్చారు. కణితి జలాశయం నీరు ఇంటింటికీ వచ్చింది. ఇందుకోసం భూములిచ్చిన పల్లెల వారు మాత్రం అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీలకు వెళ్లి, వీధి దీపం దగ్గర నుండి అన్నిటికీ అర్జీలు పెట్టుకుంటూ బతకడం నేర్చుకున్నారు. కాలనీ నడపడంలో వారు మనకంటే ముందు తరగతి చదివారని చెప్పాలి.

కంపెనీ పట్టణంలో సుఖముంది, కాదనలేము. అయితే ఆ సుఖంలో నివాసి అడిగేవాడే గాని నిర్ణయించేవాడు కాడు. దీనికి రాజ్యాంగంలోనే చోటుంది. 1993లో అమలుకు వచ్చిన 74వ సవరణ పట్టణాలకు ఎన్నికైన పాలకవర్గాలు ఉండాలన్నది. అదే సవరణలోని 243-క్యూ అధికరణం, పరిశ్రమే పౌర సేవలు అందించే చోటును ‘పారిశ్రామిక పట్టణం’గా ప్రకటించి, మునిసిపాలిటీ లేకుండా వదిలేయడానికి గవర్నరుకు వీలిచ్చింది. జంషెడ్‌పూర్‌లో ఎన్నికైన మునిసిపాలిటీ కావాలా, కంపెనీ సేవలు చాలునా అన్న తగాదా దశాబ్దాలు నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సేవలు బాగున్నాయి గదా అన్నవారూ ఉన్నారు, మా ఊరిపై మాకు ఓటు ఏదీ అన్నవారూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా అంగీకరించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ఆర్థిక సహాయం ప్రకటించారు. అదే ఏడాది అనేకమంది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని బయటికి వచ్చారు. అనుకున్నదానికంటే ముందే సొంత కాలనీకి చేరిన కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. చేతికి వచ్చిన గ్రాట్యుటీ, భవిష్యనిధి ఆ ఇంట్లోనే ఉన్నాయి. కాబట్టి ఆ కాలనీ ఎలా నడుస్తుంది అన్నది చిన్న సంగతి కాదు.

సంఘం పెట్టుకోవడానికి చట్టంలో దారులున్నాయి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులతో నివాసుల సంక్షేమ సంఘం నమోదు చేసుకోవచ్చు. కలిసి స్థలం కొని ఇళ్లు కట్టుకోవాలనుకునేవారు సహకార సంఘంగా ఏర్పడవచ్చు. 1964 నాటి సహకార చట్టం ఉంది, ప్రభుత్వ వాటా ధనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాల కోసం 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. అపార్ట్‌మెంట్లకు 1987 నాటి ప్రత్యేక చట్టం ఉంది. నమోదు పెద్ద కష్టం కాదు. నమోదు పత్రాన్ని ఫ్రేము కట్టించి వాచ్‌మన్ గదిలో తగిలించి ఊరుకున్న సంఘాలు చాలా ఉన్నాయి. కష్టమంతా నియమావళిలో ఉంది, అనగా బైలాలలో. పక్క కాలనీ బైలాలు జిరాక్సు తీయించి పేరు మార్చి సంతకాలు పెట్టేవారిని చూస్తుంటాము. అది పక్కింటివారి కళ్లద్దాలు పెట్టుకున్నట్టే.

మొదట ఓటు సంగతి. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది కార్మికులు సహకార దుకాణం పెట్టినప్పుడు, ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకే ఓటు అన్నారు. నేటికీ సహకార సంఘాలకు అదే పునాది. కాలనీలో మూడు ప్లాట్లున్నవారు మూడు చందాలు కట్టాలి, సరే. మరి మూడు ఓట్లు వేయవచ్చా? ఈ మాట తగాదా రాకముందే రాసుకోవాలి, వచ్చాక రాయలేము. ఇల్లు భర్త పేరున ఉంటుంది, నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయో భార్యకు తెలుస్తుంది. ఇంటి తరఫున ఆమె సమావేశానికి వచ్చి ఓటు వేయవచ్చునని బైలాలలో ఒక్క వాక్యం ఉంటే సమావేశాల తీరే మారిపోతుంది. అద్దెకున్నవారికి ఓటు లేకపోయినా మాట్లాడే హక్కు ఇవ్వాలి. వారు తాగేదీ ఆ ట్యాంకు నీరే గదా!

రెండవది పదవులు. క్వార్టర్లలో హోదాను బట్టి ఇల్లు వచ్చేది. ఆ అలవాటు కాలనీలోకీ వస్తుంది. “సార్ ఉన్నారుగా, ఆయనే ప్రెసిడెంటు” అంటాము. సారు మంచివారే కావచ్చు. పదేళ్ల తరువాత ఆయన అలసిపోయి వదిలేసిననాడు లెక్కల పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కార్యవర్గానికి రెండేళ్ల కాలపరిమితి, వరుసగా రెండుసార్లకు మించి అదే పదవి వద్దన్న నియమం పెట్టుకోండి. కార్మిక సంఘం గుర్తింపు ఎన్నికల్లో రహస్య ఓటు వేసి, వేతన ఒప్పందంలో ప్రతి పంక్తీ చదివిన మనమే కాలనీ సర్వసభ్య సమావేశానికి మాత్రం టీ ఇచ్చే వేళకు వెళ్తాము! 1931లో 11వ పయస్ పాపుగారు తమ సామాజిక విశ్వలేఖలో, చిన్న సమాజం తానుగా చేసుకోగల పనిని పెద్ద వ్యవస్థ లాక్కోవడం అన్యాయమన్నారు. అయితే చిన్న సమాజం తన పని తాను చేయాలి కూడా.

మూడవది, అన్నిటికంటే నొప్పి కలిగించేది డబ్బు. లెక్క కోసం 60 ఇళ్ల కాలనీ అనుకుందాం. ఇంటికి నెలకు 600 రూపాయలైతే 36,000 వస్తుంది. 12 ఇళ్లు కట్టకపోతే 7,200 తగ్గుతుంది. వాచ్‌మన్ జీతంలోనో మోటారు కరెంటు బిల్లులోనో అది కనబడుతుంది. ఆ 600లో ఇంటికి 100 చొప్పున కదపకుండా బ్యాంకులో వేస్తే ఏడాదికి 72,000, ఐదేళ్లకు 3,60,000. ట్యాంకు పగుళ్లు పోసిననాడు ఇంటింటికీ వెళ్లి చేయి చాపనక్కరలేదు. ఖాతా సంఘం పేరున ఉండాలి, ఇద్దరి సంతకాలు ఉండాలి, ప్రతి నెలా జమాఖర్చు నోటీసు బోర్డు మీద ఉండాలి.

కట్టనివారిని ఏం చేయాలి? నీళ్లు ఆపేద్దామని ఎవరో ఒకరు అంటారు. నా మాట వద్దనే. నీళ్లు ఆపితే బాకీ మాట మరుగునపడి, పగ మిగులుతుంది. బాకీ ఉన్నవారు పోటీ చేయరాదు, బాకీల జాబితా సర్వసభ్య సమావేశంలో చదవాలి, ఆలస్యానికి ఇంత అని రుసుము ఉండాలి – ఇవి చాలు. మరొక సంగతి మరువకూడదు. ఉక్కు ఉద్యోగికి ప్రభుత్వోద్యోగికి ఉన్నటువంటి పింఛను లేదు; 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద వచ్చేది కొద్దిపాటి మొత్తం. 2014 నుండి దానిలో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. భర్త పోయిన స్త్రీకి కొడుకు డబ్బు పంపని నెలలో 600 బరువే. ఆమెకు తగ్గింపు ఇవ్వవలసిందే. అయితే కార్యదర్శి జాలిపడి నోటిమాటగా వదిలేయకూడదు. సర్వసభ్య సమావేశం తీర్మానంగా, అటువంటి పరిస్థితిలో ఉన్న అందరికీ వర్తించేలా ఇవ్వాలి. జాలిమీద ఇచ్చినది కార్యదర్శి మారగానే పోతుంది. పైగా ఆమె ఎదుటివారి ముందు తల వంచుకోవలసి వస్తుంది.

పార్కు స్థలం విషయంలో చాలామందికి భ్రమ ఉంది. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ లేఅవుట్ నిబంధనల ప్రకారం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీగా విడిచి స్థానిక సంస్థకు దఖలు పరచాలి. అది బిల్డరుది కాదు, సంఘానిదీ కాదు. అందులో షెడ్డు వేసే హక్కు ఎవరికీ లేదు, అది గుడికైనా ప్రార్థన మందిరానికైనా సరే. సంఘం చేయగలిగింది కాపలా కాయడం, కంచె వేయమని కార్పొరేషన్‌ను రాతమూలకంగా అడగడం.

ఇల్లు చేరిన మొదటి నెలలోనే బిల్డరు దగ్గర నుండి మంజూరైన ప్లాను నకలు, ఖాళీ స్థలం దఖలు పత్రం నకలు, బోరు లోతు, మోటారు వివరాలు, ఉమ్మడి కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో తెలిపే కాగితం తీసుకుని సంఘం ఫైలులో పెట్టండి. ఆఖరి ఫ్లాటు అమ్ముడుపోయాక ఆయన ఫోను ఎత్తడు.