దారితప్పి వచ్చిన కుందేలు: జాతిని గుర్తించు విధము

ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పట్టణములలో పిల్లల ముచ్చటకై కొన్న కుందేలు ఒక్కొక్కప్పుడు గూటినుండి తప్పించుకొని శివారు చేలగట్ల మీదికి వచ్చుట కలదు. అట్టి దానిని మీరు చేరదీయ దలచినచో మొదట తేల్చుకొనవలసినది దాని జాతి కాదు. అది పెంపుడుదా, అడవిదా అను సంగతి.

అడవి కుందేలును పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది కనుక ఆ లంకలవారు మరింత జాగ్రత్తగా నుండవలెను. మన అడవి కుందేలు మెడ వెనుక నల్లని మచ్చ యుండును. తోక పైభాగము కూడ నలుపే. కాళ్లు సన్నగా, పొడవుగా నుండును. పెంపుడు వానిలోను గోధుమవన్నెవి కలవు గావున ఒంటిరంగు నొక్కదానినే నమ్మరాదు. పిల్లలయందు భేదము స్పష్టము: అడవి కుందేలు పిల్ల వెండ్రుకలతో, కన్నులు తెరచి పుట్టును, పెంపుడు పిల్ల కన్నులు మూసికొని, బోడిగా పుట్టును. కోతలలో చేనిలో ఒంటరి పిల్ల కనబడిన దిక్కులేనిదని తెచ్చుకొనరాదు. తల్లి దానిని దాచి, పాలిచ్చుటకు మాత్రమే వచ్చిపోవుచుండును. పిల్లను అచ్చటనే యుంచి, ఆ చెక్క వదలి కోయుడు.

పెంపుడుదని తేలిన పిమ్మట ఇరుగుపొరుగున విచారింపవలెను. చెవిలోపల పచ్చబొట్టు అంకె యున్న అది ఫారమునుండి వచ్చినదై యుండవచ్చును.

ఇక జాతి. ఒళ్లంతయు తెలుపు, కన్నులు ఎరుపు అయినచో న్యూజీలాండు తెలుపు కావచ్చును. ఎదిగినది 4, 5 కిలోలు తూగును. కాని వైట్ జెయింటు కూడ అట్లే యుండును. తెల్లని ఒంటికి ముక్కు, చెవులు, పాదములు, తోక నల్లగా నున్న కాలిఫోర్నియా. బూడిదవన్నె బొచ్చును నోటితో ఊదిన వలయములుగా రంగులు కనబడినచో సోవియట్ చించిల్లా పోలిక. చిన్నదై, భుజముల చుట్టు తెల్లని పట్టీ యున్న డచ్చి. ఉన్నివలె పొడవైన బొచ్చుగల అంగోరా మన వేసవికి తగినది కాదు. అంగడిలో అమ్మునవి పెక్కు సంకరములే. జాతికి నిదర్శనము తల్లిదండ్రుల రికార్డు గాని రంగు గాదు. రికార్డు చూపకుండ “మేలుజాతి జత” యని ఎక్కువ వెల చెప్పిన కొనవద్దు.

చెవులు పట్టి ఎత్తరాదు. మెడమీది వదులు చర్మమును పట్టి, రెండవ చేయి పిరుదుల క్రింద నుంచవలెను. కాళ్లు విదిలించిన వెన్నెముక విరుగవచ్చును. కొల్లేటి ప్రాంతమున నేల చెమ్మ యెక్కువ గనుక గూడు ఎత్తున నుండవలెను. ఎండ 35 డిగ్రీలు దాటిన వడదెబ్బ భయము కలదు. నీడయు, తడిగోనెయు, చల్లని నీరు నుంచుడు. గరిక మంచి మేత. అయితే ఫిప్రోనిల్ చల్లిన వరిగట్ల గడ్డిని వేయకూడదు. ఆ మందు కుందేలుకు విషము. గోమారులకని దానిని ఒంటికి పూయుటయు ప్రమాదమే. మనుష్యులకిచ్చు ఆంపిసిలిన్, అమోక్సిసిలిన్ బిళ్లలు నోటిద్వారా ఇచ్చిన ప్రేగులు చెడి చచ్చును. గజ్జి యున్న పశువైద్యునికి చూపుడు. అది మనుష్యులకు కూడ అంటును. తన మెత్తని పెంటికలను తానే తినుట మాత్రము రోగము కాదు, దాని జీర్ణవిధానమే అంత.

ఆడదైనచో చూలుతో వచ్చి యుండవచ్చును. చూలుకాలము 31 దినములు గనుక ఒక నెల వేరుగా నుంచి, గూటిలో ఎండుగడ్డితో చిన్న పెట్టె నమర్పవలెను. తన బొచ్చు పీకి పెట్టెలో పరచుచున్నచో ఈనుటకు సిద్ధమైనదని గ్రహించి, పిల్లులను, కుక్కలను దరిజేరనీయకుడు.