పంచాయతీ మందిరమునకు ప్రొజెక్టరు

విజయవాడ రహదారిపై నగరమునకు వచ్చు గ్రామస్థులు ఎల్‌బీ నగర్ కూడలి దాటి కొంత దూరము పోగా దిల్‌సుఖ్‌నగర్ అంగళ్ళు చేరుదురు. పంచాయతీకి ప్రొజెక్టరు కొనదలచిన సభ్యులు అచట బేరమాడుటకు ముందు ఒక్క విషయము గమనింపవలెనని మా మనవి. ఇంటి సినిమా యంత్రము చీకటి గదికై చేయబడినది. గ్రామసభ జరుగునది తరచుగా పగటివేళ.

కావున మొదట చూడవలసినది వెలుతురు. దీనిని ల్యూమెన్లలో కొలుతురు. పెట్టెపై ముద్రించిన పెద్ద అంకెను నమ్మక, ఆన్సీ లేక ఐ.ఎస్.ఓ. పద్ధతిని కొలిచిన అంకెను అడుగుడు. 100 అంగుళముల వెడల్పాటి తెర వైశాల్యము సుమారు 2.8 చదరపు మీటర్లు. 150 అంగుళములదైనచో 6.2. గుప్పెడు విత్తులను పెద్ద మడిలో చల్లినట్లు, తెర పెరిగినకొలది వెలుతురు పలుచబడును. 500 ల్యూమెన్లు రాత్రివేళ ఇంటికి చాలవచ్చును. కిటికీలు తెరచిన మందిరమునకు 3,000కు తగ్గకుండుట మేలు.

రెండవది దూరము. 'త్రో రేషియో' 1.5 అనగా, 2 మీటర్ల వెడల్పు బొమ్మకు యంత్రము 3 మీటర్ల దూరమున ఉండవలెను. కనుక గది కొలతలు వెంట తీసికొని పొండు.

మూడవది స్పష్టత. '4కె సపోర్టు' అని వ్రాసినంత మాత్రమున 4కె బొమ్మ రాదు. యంత్రము యొక్క అసలు రిజల్యూషన్ 1920×1080 ఉన్నచో అక్షరములు చక్కగా కనబడును.

నాలుగవది దీపము. బల్బు యంత్రమునకు కొన్ని వేల గంటల పిదప బల్బు మార్చవలెను. లేజరు యంత్రములు సాధారణముగా 20,000 గంటల వరకు పనిచేయును. బల్బు ధరను కూడ కలిపి లెక్కించుడు.

దుకాణములో దీపములు ఆర్పనీయక యంత్రమును నడిపించి, దూరమున నిలిచి చిన్న అక్షరములు చదివి చూడుడు. చదువరానిచో ఎంత చౌకైనను వలదు. వెచ్చించునది ఊరి సొమ్ము; చివరి వరుసలోని వృద్ధునకును బొమ్మ కనబడవలెను.