నమ్మికకు మూలమేది?

శ్రీమద్భగవద్గీత సప్తమాధ్యాయములో 15వ శ్లోకమును 16వ శ్లోకమును ప్రక్కప్రక్కన నున్నవి. మొదటిదానిలో భగవానుడు తన్ను ఆశ్రయింపనివారు నాలుగు విధములవారని చెప్పెను. రెండవదానిలో తన్ను భజించువారును నాలుగు విధములవారని చెప్పెను. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అను రెండవ శ్లోకములోని పేర్లు హరికథలలోను పురాణ కాలక్షేపములలోను పలుమారు వినబడునవే. మొదటి శ్లోకము మాత్రము ఎవరో పరులను గూర్చినదని తలచి పారాయణ చేయువారు దానిని త్వరగా దాటిపోవుచుందురు. అట్లు దాటిపోవుట తగదు. ఈ రెండు శ్లోకములును కలిసి ఒక్క విషయమునే విచారించుచున్నవి. భజించువాడు ఏ హేతువుచేత భజించుచున్నాడు? భజింపనివాడు ఏ హేతువుచేత భజింపకున్నాడు?

వైష్ణవ గృహములలో ఈ ప్రశ్న సాధారణముగా పుట్టదు. బిడ్డకు పుట్టువెండ్రుకలు కొండమీద తీయించుదురు. నడక నేర్చిన నాటినుండి నామము పెట్టించుకొనుట, శనివారమునాడు పెద్దలతోపాటు ఒక్కపొద్దుండుట, ధనుర్మాసములో తెల్లవారుజామున తిరుప్పావై విని ప్రసాదమునకు చేయి చాచుట అలవడును. ఇందులో ఏదియు ఆ బిడ్డ ఆలోచించి ఎన్నుకొన్నది కాదు. ఇది లోపమని అనరాదు. ప్రహ్లాదుడు తల్లి గర్భమున నుండగనే నారదుని ఉపదేశమును వినెనని భాగవతము చెప్పుచున్నది. ఆతని భక్తియు ఆతడు వెదకి సంపాదించుకొన్నది కాదు. కాని తండ్రి నిలదీసి అడిగిన దినమున, చండామార్కులు బుజ్జగించియు బెదరించియు మార్చజూచిన దినమున, అది విన్నమాట మాత్రమే అయియున్నచో నిలిచెడిది కాదు. తాతనాటి పొలమును అనుభవించువాడు ఒక్కమారైనను గట్లవెంట నడచి హద్దులు చూచుకొనవలెను. చూచుకొననివానికి తగవు వచ్చిననాడు తన పొలము ఎంతవరకో తనకే తెలియదు.

శ్రీపెరుంబూదూరులో 1017వ సంవత్సరమున అవతరించిన భగవద్రామానుజులు తమ గీతాభాష్యములో ఈ హేతువులను ఒక్కొక్కటిగా విడదీసి చూపిరి. ఆర్తుడనగా ఉన్న ఐశ్వర్యమును పోగొట్టుకొని మరల దానిని కోరువాడు. అర్థార్థి యనగా ఇదివరకు లేని ఐశ్వర్యమును క్రొత్తగా కోరువాడు. ఇద్దరి కోరికయు ఐశ్వర్యమే గనుక వీరిలో భేదము పైకి కనబడునంతమాత్రమే యని వారి నిర్ణయము. ఏదైనను తెలియగోరు ప్రతివానిని నేడు జిజ్ఞాసువనుట వాడుకయైనది. భాష్యమున మాత్రము ప్రకృతికంటె వేరైన ఆత్మస్వరూపమును పొందగోరువాడే జిజ్ఞాసువు. జ్ఞాని తాను భగవంతునికి శేషభూతుడనని ఎరిగి, ఆయననే పరమప్రాప్యముగా తలచువాడు.

ఈ విభాగమును దృష్టిలో నుంచుకొని ఒక ఇంటి ముడుపు సంగతి చూడవచ్చును. బిడ్డకు జ్వరము తగ్గలేదు. తల్లి పసుపుగుడ్డలో రూపాయిబిళ్ల మూటగట్టి స్వామి పటము ముందు పెట్టినది. జ్వరము తగ్గినది. ఇంటిల్లిపాదియు కొండకు పోయి మ్రొక్కు తీర్చుకొనిరి; ముడుపు హుండీలో పడినది. నాటినుండి ఆ ఇంట, పిలిచిన పలుకు దైవమని స్వామిని గూర్చి చెప్పుకొందురు. పొరుగింటను అట్లే ముడుపు కట్టిరి, బిడ్డ దక్కలేదు. ఆ ఇంట పటము గోడనుండి దిగినది. రెండు ఇండ్లలో ఏర్పడిన అభిప్రాయములు పరస్పర విరుద్ధములు. వాని హేతువు మాత్రము ఒక్కటే. అడిగినది లభించుట, లభింపకపోవుట అను ఒకే స్తంభముమీద మొదటి ఇంటివారి నమ్మికయు రెండవ ఇంటివారి అపనమ్మికయు నిలిచియున్నవి. మొదటివారు తమ నమ్మిక గట్టిదని తలచుచున్నారు. మరియొక జ్వరము వచ్చువరకు దాని గట్టితనము వారికిని తెలియదు. ఇక రెండవ ఇంటి తల్లిని తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు. ఆ దుఃఖమునకు శాస్త్రవాక్యములతో సమాధానము చెప్పబోవుటకంటె ఆమె చెంత కొంతసేపు ఊరక కూర్చుండుట మేలు.

ముడుపు కట్టరాదని భాష్యకారులు ఎచ్చటను చెప్పలేదు. పైగా 18వ శ్లోకమున భగవానుడు ఈ నలుగురిని ఉదారులనెను. ఉదారుడనగా దాత. చేయి చాచి వచ్చినవాడు దాత యెట్లగును? రామానుజులు దీనికి చెప్పిన అర్థము హృదయమును కరగించునది. తన వద్దనుండి ఏ కొంచెమైనను పుచ్చుకొనువారు తనకు సర్వస్వమును ఇచ్చువారే యని భగవానుని భావమట. లోకమున ఇచ్చినవాడు దాత. ఈ సన్నిధిలో పుచ్చుకొన్నవాడు దాత. కావున హేతువును పరీక్షించుకొనుమనుటకు, అది అల్పమని తేలినచో కొండ దిగిపొమ్మని అర్థము కాదు. తాను ఏ మెట్టుపై నిలిచియున్నాడో తెలిసికొనుమని మాత్రమే అర్థము.

ఇక 15వ శ్లోకము. మూఢులు, నరాధములు, మాయచేత జ్ఞానము అపహరింపబడినవారు, ఆసురభావమును ఆశ్రయించినవారు అను మాటలు పైకి నిందలవలె వినబడును. భాష్యము తెరచి చూచినచో ఇవియు హేతువుల పట్టికయే. మూఢుడు తన ఆత్మయు భోగ్యవస్తువులును భగవంతునికి చెందినవని ఎరుగక తనకొరకే యున్నవని తలచువాడు. నరాధముడు సామాన్యముగా తెలిసియు ఆయనకు అభిముఖుడు కాజాలనివాడు. మూడవవానికి జ్ఞానము కలుగబోవుచుండగా, అది అసంభవమని తోపించు కూటయుక్తులు దానిని హరించివేయును. నాలుగవవానికి జ్ఞానము దృఢముగనే యుండును గాని అది ద్వేషమునకే దారితీయును. వీరు వరుసగా ఒకరికంటె ఒకరు అధిక పాపిష్ఠులని కూడ చెప్పిరి. తెలియనివానికంటె తెలిసి ద్వేషించువానిని క్రిందికి దింపిన ఈ క్రమము గమనింపదగినది. మూఢుని లక్షణమును ఇంకను నిదానించి చూడవలెను. అట్టివాడు నాస్తికుడే కానక్కరలేదు. ద్వాదశోర్ధ్వపుండ్రములు ధరించి దర్శనపు వరుసలో నిలిచినవాడును, స్వామి తన వ్యాపారమును కాపాడుటకే వెలసినాడని తలచుచున్నచో, ఆ పేరు వానికిని చెల్లును.

ద్వేషమునకు హిరణ్యకశిపుడే ఉదాహరణము. విష్ణువు లేడని ఆతడు నిజముగా నమ్మియుండలేదు. లేడని యెంచినవానిమీద ఎవడును శూలమెత్తడు. వరాహమూర్తి చేతిలో తోడబుట్టిన హిరణ్యాక్షుడు హతుడైనాడు. ఆ దుఃఖము పగగా మారినది. ఎక్కడనున్నాడు నీ హరి యని కొడుకును ప్రశ్నించిన నోటివెనుక ఉన్నది ఆ పాతగాయమే. గుడిలో ఎవరో విసరికొట్టిన మాటకో, పేదవాడని వెనుకకు నెట్టినందుకో మనసు విరిగి, దేవుడే లేడని నిశ్చయించుకొన్నవారు నేడును కలరు. వారి కోపము న్యాయమైనదే కావచ్చును. అయినను కోపము వచ్చినది మనుష్యునిమీద, తీర్పు చెప్పినది దైవమునుగూర్చి.

కూటయుక్తులకు అయోధ్యాకాండములోని జాబాలి మాటలకంటె మంచి ఉదాహరణము లేదు. చిత్రకూటమున భరతుడు అన్నను మరలించుకొనిపోవ యత్నించుచుండగా జాబాలి కలుగజేసికొని, తండ్రి యెవరు, కొడుకెవరు అని మొదలిడెను. ఒకడు భుజించినది మరియొకనికి చేరునేని ప్రయాణమైన వానికి ఇంటివద్దనే శ్రాద్ధము పెట్టవచ్చును గదా యని ఆక్షేపించెను. దానధర్మములను విధించు గ్రంథములు తెలివిగలవారు కల్పించినవని, పరలోకము లేదని వాదించెను. శ్రీరాముడు సత్యమే సర్వమునకు మూలమని తీవ్రముగా బదులు పలికెను. అంతట జాబాలి, తాను నాస్తికుడను కానని, రాముని మరలింపవలెనను కోరికతో సమయమునుబట్టి అట్లు పలికితినని ఒప్పుకొనెను. వసిష్ఠుడును అదే చెప్పెను. అనగా అంత పదునైన వాదమునకు మూలము తర్కము కాదు, రాముడు అయోధ్యకు తిరిగి రావలెనను ప్రేమ! నిర్ణయము ముందు, యుక్తులు తరువాత. జాబాలి దానిని తానే బయటపెట్టెను. అందరును అంత నిజాయితీగా ఒప్పుకొందురా అన్నది సందేహమే.

ఈ దోషము భజింపనివారికే అంటునని తలచినచో మరల పొరపాటే. గడియారమునకు చేసినవాడు ఉన్నట్లు జగత్తునకును చేసినవాడు ఉండవలెనని సభలలో చెప్పుట, విన్నవారు చప్పట్లు చరచుట కలదు. కుండనుచూచి కుమ్మరిని ఊహించు పూర్వపు యుక్తికి ఇది రూపాంతరము. శ్రీభాష్యమున శాస్త్రయోనిత్వాధికరణములో రామానుజులు ఈ యుక్తిని పూర్వపక్షముగా పెట్టి ఖండించిరి. గొప్ప భవనములను పలువురు, పలు కాలములలో కట్టుట లోకమున కనబడుచున్నది. భూమియు సముద్రములును ఒకే కాలమున, ఒక్క కర్తచేతనే పుట్టినవని అనుమానముచేత ఎట్లు తేలును? కనబడు కర్తలందరు శరీరము గలవారే. ఆ పోలికతో సాధించినచో శరీరముతోను కొరతలతోను కూడిన కర్తయే సిద్ధించును గాని పరబ్రహ్మము సిద్ధింపదు. ఆ వస్తువు శాస్త్రమువలననే తెలియదగినదని వారి సిద్ధాంతము. అంతటి ఆచార్యులు తమ పక్షమునకు అనుకూలముగా తోచు వాదమునైనను బలహీనమని తెలిసి విడిచిరి. యౌవనములో తాము చదివిన గురువు యాదవప్రకాశుల వ్యాఖ్యానము సరికాదని తోచిననాడు దానిని విడుచుటకును వారు వెనుదీయలేదు. నమ్మిక యెడల శ్రద్ధయున్నచోటనే ఇట్టి నిర్మొహమాటము సాధ్యమగును.

నిజము తెలియగోరి సందేహించువాడు 15వ శ్లోకములోని నలుగురిలో చేరునా? చేరడనియే చెప్పవలెను. పోతనామాత్యుని గజేంద్రుడు మొసలి పట్టులో బలము తరిగి, దీనులపాలనుండునని అందరు చెప్పు ఆ దేవుడు అసలు ఉన్నాడో లేడో యని బాహాటముగా సంశయించెను. భక్తకవి ఆ సంశయమును దాచలేదు. వైకుంఠమున వినినవాడును దానిని తప్పుగా పట్టుకొనలేదు. లక్ష్మీదేవికైనను చెప్పక పరుగున వచ్చెను. 1672 నుండి 1687 వరకు గోలకొండను పాలించిన తానీషా కాలమున చెరలో పడిన కంచర్ల గోపన్న తాను రామునికి చేయించిన నగలను, పెట్టిన వ్యయమును ఎత్తిచూపి దెప్పిపొడిచెను. లేనివానిని ఎవరు దెప్పుదురు? పైన చెప్పిన రెండవ ఇంటి తల్లి పటమును దింపినప్పుడు ఆమె మనసు హిరణ్యకశిపునివైపు పోయినదో, గోపన్నవైపు పోయినదో ఆమె తప్ప ఇతరులు ఎరుగజాలరు.

హేతువు ఒకటై ఫలము మరియొకటైన కథ ధ్రువునిది. సవతితల్లి సురుచి ఆడిన మాట అయిదేండ్ల పసివాని గుండెలో ముల్లువలె దిగినది. తండ్రి ఒడిలో దొరకని చోటును మించిన స్థానము కావలెనని ఆతడు యమునాతీరమున మధువనము చేరెను. నారదుడు దారిలో మాన్పజూచెను, బాలుడు వినలేదు. తన మనసు ఆ మాటలచే చీల్చబడినదని, శాంతివచనములు అందులో నిలువవని స్పష్టముగా చెప్పెను. తన హేతువును అంత చక్కగా ఎరిగినవాడు పురాణములలో అరుదు. ఆరు మాసములకు స్వామి ప్రత్యక్షమై 36,000 సంవత్సరముల రాజ్యమును, ఎవరును చేరని ధ్రువపదమును అనుగ్రహించెను. కోరినదానికంటె ఎక్కువయే లభించినది. అయినను ధ్రువుడు ఇంటికి సంతోషముతో పోలేదు. హరిపాదములను చూచినవానికి వెలితి యేల యని విదురుడు అడుగగా, మైత్రేయుడు కారణము చెప్పెను: సవతితల్లి మాటల గాయము గుర్తుండుటచే ముక్తినొసగువాని ఎదుట నిలిచియు ముక్తిని అడుగలేకపోయెను; ఆ గాయము మానిన పిదప పశ్చాత్తాపము కలిగెను. చక్రవర్తిని ఊకతో కూడిన నూకలు అడిగిన పేదవానివలె ప్రవర్తించితినే యని ధ్రువుడు దారిపొడుగున తనలో తాను నొచ్చుకొనుచు పోయెను. ఆ బాలుని ఎదుర్కొని తెచ్చుటకు ఉత్తానపాదుడు బంగారు రథముపై బయలుదేరినాడు. సునీతితోపాటు పల్లకిలో సురుచియు వచ్చినది. ధ్రువుడు ఇద్దరు తల్లులకును తల వంచి నమస్కరించెను.