ఆటలకు వేరే డ్రైవ్, చదువుకు వేరే చోటు



ప్రాజెక్ట్ సబ్మిట్ చేయాల్సిన రోజున తొమ్మిదో తరగతి బాబు ఒకడు ఖాళీ చేతులతో నిలబడ్డాడు. "కంప్యూటర్‌లో ప్లేస్ లేదని వచ్చింది మేడమ్. పాత ఫోల్డర్లు డిలీట్ చేశాను, ప్రాజెక్ట్ కూడా పోయింది" అన్నాడు. ప్లేస్ దేనికని అడిగితే తల దించుకున్నాడు. కొత్త గేమ్ కోసం. అదే ఫోల్డర్లలో వాళ్ళ తాతయ్యగారి చివరి పుట్టినరోజు ఫోటోలు కూడా ఉన్నాయని తర్వాత వాళ్ళ అమ్మగారు ఫోన్‌లో చెప్పారు.

తప్పంతా పిల్లవాడిదే అనలేం. చాలా ఇళ్ళలోని కంప్యూటర్లలో 256 లేదా 512 జీబీ డ్రైవ్ ఒక్కటే ఉంటుంది. విండోస్, చదువు, ఫోటోలు, ఆటలు అన్నీ అందులోనే. కొన్ని పెద్ద గేమ్‌లు ఒక్కొక్కటే 100 జీబీ దాటుతాయి. అందుకే ఆటలకు రెండో డ్రైవ్ పెట్టడం మంచి ఉపాయం.

ఏది కొనాలి?

హార్డ్ డిస్క్ చవక, కానీ గేమ్ తెరుచుకోవడం ఆలస్యం. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ వరకు చదువుతుంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఇంకా ఎన్నో రెట్లు వేగం, కానీ మదర్‌బోర్డుపై దానికి తగిన ఎం.2 స్లాట్ ఖాళీగా ఉండాలి. ఆటలకు సాటా ఎస్ఎస్‌డీ కూడా చాలావరకు సరిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే తెరవకముందే మోడల్ వివరాలు, వారంటీ షరతులు చూడండి. స్లాట్ లేకపోతే యూఎస్‌బీతో పెట్టే ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ చాలు.

మీరూ, మీ పిల్లలూ కలిసి చేయండి

1. ముందు ముఖ్యమైన ఫైళ్ళు పెన్ డ్రైవ్‌లోకో, గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేయండి.
2. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేయండి. క్యాబినెట్ లోహపు భాగాన్ని ఒకసారి తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది.
3. సాటా డ్రైవ్‌కు డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ పెట్టాలి. ఎం.2 డ్రైవ్‌ను స్లాట్‌లో ఏటవాలుగా పెట్టి, కిందికి వంచి స్క్రూ బిగించాలి.
4. ఆన్ చేశాక స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కొత్త డిస్క్‌కు జీపీటీ ఎంచుకుని, న్యూ సింపుల్ వాల్యూమ్ ద్వారా ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేయండి. ఈ పని పిల్లలకు ఒంటరిగా అప్పగించవద్దు. 'అన్‌అలొకేటెడ్' అని ఉన్న కొత్త డిస్క్‌నే ఎంచుకోవాలి. పొరపాటున పాతదాన్ని ఫార్మాట్ చేస్తే అందులోని ఫైళ్ళు పోతాయి.
5. స్టీమ్ వాడేవారు సెట్టింగ్స్‌లోని స్టోరేజ్‌లో కొత్త డ్రైవ్ చేర్చి, ఉన్న గేమ్‌లను 'మూవ్' చేయవచ్చు. మళ్ళీ డౌన్‌లోడ్ అక్కర్లేదు.

ఒక చిన్న లెక్క

1 టీబీ కొంటే విండోస్ 931 జీబీ అనే చూపిస్తుంది. దుకాణదారు మోసం చేయలేదు. కంపెనీ 1 జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తుంది. విండోస్ 1024 × 1024 × 1024 బైట్లుగా లెక్కిస్తుంది. ఈ భాగహారం మీ అబ్బాయితోనో, అమ్మాయితోనో చేయించండి. క్లాసులో చెప్పినదానికంటే బాగా గుర్తుంటుంది.

రెండు మాటలు మరువకండి

రెండో డ్రైవ్ బ్యాకప్ కాదు. అదే కంప్యూటర్‌లో ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌కు ఏదైనా జరిగితే రెండూ పోవచ్చు. ఫోటోలకు, ప్రాజెక్టులకు బయట ఇంకో కాపీ ఉండాల్సిందే. అలాగే, ఆటలకు చోటు పెరిగిందని ఆడే సమయం పెరగకూడదు. ఆ గంటలు డ్రైవ్ కొనేముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఆ బాబు ప్రాజెక్ట్ మళ్ళీ రాసి తెచ్చాడు, మార్కులూ వచ్చాయి. తాతయ్యగారి ఫోటోలు మాత్రం తిరిగి రాలేదు. ఈ ఆదివారం ఒక గంట కేటాయించి, మీ ఇంటి కంప్యూటర్‌లో ఏది ఎక్కడుందో పిల్లలతో కలిసి చూడండి.