సీతాఫలం గుజ్జు: ఫ్రీజ్ డ్రైయింగ్‌కు పంపే ముందు

దసరా దగ్గరపడితే సంగారెడ్డి చుట్టుపక్కల రోడ్ల పక్కన సీతాఫలం గంపలు దిగుతాయి, ధర దిగుతుంది. మగ్గిన పండు రెండు రోజులు ఆగడమే ఎక్కువ. ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు రైతులు ఫ్రీజ్ డ్రైయింగ్ గురించి ఆలోచిస్తే ముందు ఈ పండు గురించే ఆలోచించాలి. మామిడికి తాండ్ర ఉంది, జామకు జెల్లీ ఉంది. సీతాఫలం గుజ్జు మాత్రం 55–60 డిగ్రీలు దాటి వేడి తగిలితే చేదెక్కుతుంది. ఫ్రీజ్ డ్రైయింగ్‌లో గుజ్జును గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఆ మంచును నీరు కానివ్వకుండానే ఆవిరిగా లాగేస్తారు. అందుకే వాసన, రుచి చాలావరకు నిలుస్తాయి.

కళ్లు విచ్చుకుని, వాటి సందుల్లో లేత పసుపు కనబడే కాయనే కోయండి. కళ్లు తెరవని కాయ మెత్తబడినా తీపి రాదు. కోసిన కాయను ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తొక్క నల్లబడుతుంది. నీడలో పరిచి మాగబెట్టండి. వేలితో నొక్కితే దిగబడే పండును ఆ రోజే ఒలవాలి. పగిలినవి, పురుగు తొలిచినవి, పులిసిన వాసన వచ్చేవి పక్కన పడేయండి. ఫ్రీజ్ డ్రైయింగ్‌లో సూక్ష్మజీవులు పూర్తిగా చావవు, తడి తగిలితే మళ్లీ లేస్తాయి. పండ్లు కడగడం, చేతులు, గిన్నెలు శుభ్రంగా ఉంచడం అందుకే ముఖ్యం.

గింజ తీయడమే అసలు పని. మిక్సీలో వేయొద్దు. గింజ చితికితే చేదు సరే, అందులోని పదార్థం విషపూరితం కూడా, కంట్లో పడితే ప్రమాదం. చేత్తోనో జల్లెడతోనో మెల్లగా విడదీయాలి. గుజ్జు గాలి తగిలిన కాసేపటికే రంగు మారుతుంది, కాబట్టి వెంటనే కాస్త నిమ్మరసం కలిపి, ట్రేలలో సెంటీమీటరు మందాన పరిచి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. మందంగా పోస్తే మధ్యలో పచ్చి మిగులుతుంది.

లెక్క కూడా చూసుకోండి. పండులో గుజ్జు సగం కూడా రాదు, ఆ గుజ్జులో ముప్పాతిక వంతుకు దగ్గరగా నీరే. పాతిక కిలోల పండ్లకు పది కిలోల గుజ్జు వచ్చినా, ఎండినది మూడు కిలోలు దాటదు. ఇంత తక్కువ దిగుబడికి సొంత యంత్రం కొనమని నేను చెప్పను. రైతులు కలిసి గుజ్జు తయారుచేసి, ఆరబెట్టే యూనిట్‌కు కిలో లెక్కన కూలి ఇచ్చి చేయించుకోవడం మేలు.

ఎండిన గుజ్జు గాలిలోని తేమను గబగబా పీల్చుకుంటుంది. ముసురు రోజున ట్రే బయటకు తీసి మాటల్లో పడితే ముద్దే. తీసిన వెంటనే అల్యూమినియం పొర ఉన్న సంచుల్లో, ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లం వేసి సీలు చేయండి. వారం తర్వాత ఒక సంచి విప్పి చూడండి. గుజ్జు కరకరలాడకుండా వేళ్లకు అంటుకుంటే మిగతా సంచుల సీలు కూడా పరీక్షించాలి.