మధుమేహ రోగికి ఊరి తోడు

ఒకప్పుడు గ్రామములకు భయము గొల్పిన జబ్బులు మశూచికము, కలరా, నారికురుపు. అవి వచ్చినప్పుడు ఊరంతయు ఎరిగెడిది. టీకాలు వేయించుట, బావులలో మందు కలిపించుట, దిగుడుబావులను చేదబావులుగ మార్పించుట మున్నగు పనులలో గ్రామ పెద్దలు ముందు నిలిచిరి. మన దేశమున మశూచికము 1975 లో అంతమయ్యెను. నారికురుపు లేని దేశముగ భారతదేశమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరమున ధ్రువపరచెను.

నేడు గ్రామములలో ప్రవేశించిన మధుమేహము, అనగా చక్కెర వ్యాధి, అట్టిది కాదు. అది చప్పుడు లేక వచ్చును; వచ్చినది సాధారణముగ విడిచిపోదు; ఒకరినుండి మరియొకరికి అంటదు. అందుచే అది రోగి సొంత వ్యవహారమనియు, దానితో పంచాయతీకి పని లేదనియు పలువురు తలచుచున్నారు. ఈ తలపు సరియైనది కాదని చూపుటయే ఈ పాఠము ఉద్దేశము. మందు ఇచ్చుట వైద్యుని పని. ఆ మందుతో జీవితాంతము నడచుటకు కావలసిన తోడు కూర్చుట ఊరి పని.

వ్యాధి స్వభావము

మనము తిను అన్నము, రొట్టె జీర్ణమై చక్కెరగ మారి రక్తములో చేరును. క్లోమము అను గ్రంథినుండి పుట్టు ఇన్సులిన్ ఆ చక్కెరను శరీరము వాడుకొనునట్లు చేయును. ఇన్సులిన్ చాలకపోయినను, సరిగ పని చేయకపోయినను చక్కెర రక్తములోనే నిలిచిపోవును. పరగడుపున చేసిన పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తమునకు 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని చక్కెర ఉన్నచో మధుమేహముగ భావింతురు. లక్షణములు లేనివారికి పరీక్షను మరల చేసి నిర్ధారింతురు. ఏండ్ల తరబడి ఎక్కువగ నిలిచిన చక్కెర కండ్లను, మూత్రపిండములను, గుండెను, పాదముల నరములను చెరచును.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతట జరిగిన పరిశీలన ఫలితములు 2023 లో వెలువడినవి. వాటి ప్రకారము పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా, అనగా 10 కోట్లకు మించిన జనులకు, ఈ వ్యాధి కలదు. ఇది పట్టణముల జబ్బు మాత్రమే అనుటకు ఇక వీలు లేదు.

ఒంటరితనము చేయు కీడు

మధుమేహము తొలి దినములలో నొప్పి పెట్టదు. నొప్పి లేనందున కొందరు రెండు నెలలు మాత్రలు వేసుకొని మానివేయుదురు. పిల్లల పెండ్లి సంబంధములకు అడ్డమగునని కొందరు జబ్బును దాచుదురు. విందులో బంధువులు విస్తరిలో తీపి వడ్డించి, "ఒక్కనాటికి ఏమగును?" అందురు. బతుకమ్మ పండుగనాడు మలీద వద్దనుట ఇంటి పెద్దకోడలికి సులభము కాదు. అందరును తినిన పిదప మిగిలినది తిను ఇల్లాలు తనకొరకు వేరుగ వండుకొనదు.

మన ప్రాంతపు వృత్తులును దీనిని కఠినము చేయుచున్నవి. జగిత్యాల, నిర్మల్ ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలు పగలంతయు కూర్చుండియే పని చేయుదురు. సిరిసిల్ల మరమగ్గముల కార్మికులకు రాత్రి పాళీలు కలవు. మంచిర్యాల, గోదావరిఖని గనులలో పాళీ మారినప్పుడెల్ల తిండి వేళలు మారును. గల్ఫు దేశములకు పోయినవారు పదిమంది ఉన్న గదిలో కలిసి వండుకొందురు. తమకు తగిన ఆహారము వారికి దొరకుట అరుదు. పొలములో వట్టి కాళ్ళతో నడచు రైతుకు పాదము మొద్దుబారినచో ముల్లు దిగినను తెలియదు. పుండు ముదిరిన పిదప ఆసుపత్రికి పోయి కాలు పోగొట్టుకొనినవారు కలరు.

వైద్యుడు కొద్ది నిమిషములే రోగిని చూడగలడు. తక్కిన దినములన్నియు రోగి తానే తన వైద్యమును నడపుకొనవలెను. అట్టివేళ ఆయనకు మిక్కిలి ఉపయోగపడువాడు అదే బాధను మోయుచున్న పొరుగువాడు.

ఇతర ప్రాంతముల అనుభవము

కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు 1921 లో ఇన్సులిన్‌ను కనుగొనిరి. 1922 జనవరిలో దానిని తొలుత ఒక పదునాలుగేండ్ల బాలునికి ఇచ్చిరి. అంతకు ముందు ఇట్టి బాలురు బ్రతుకుట అరిది. బాంటింగ్ జన్మదినమైన నవంబరు 14 నే నేడు ప్రపంచ మధుమేహ దినముగ పాటించుచున్నారు.

అయితే మందు దొరకిన మాత్రమున సమస్య తీరలేదు. బీదలకు అది అందవలెను. వాడు విధము వారికి తెలియవలెను. ఇందుకై 1926 లో పోర్చుగల్ దేశపు లిస్బన్ నగరమున బీద మధుమేహ రోగుల రక్షణ సంఘము ఏర్పడెను. 1934 లో లండన్‌లో ప్రసిద్ధ రచయిత హెచ్.జి. వెల్స్, డాక్టరు ఆర్.డి. లారెన్స్ కలిసి మధుమేహుల సంఘమును స్థాపించిరి. ఆ ఇరువురును మధుమేహ రోగులే అనునది గమనింపదగినది.

మన పొరుగున కేరళలో, తిరువనంతపురము జిల్లాలోని 60 పోలింగు ప్రాంతములలో, ఈ వ్యాధి వచ్చు ప్రమాదము ఎక్కువగ ఉన్న 1007 మందితో ఒక ప్రయత్నము జరిగినది. దాని ఫలితములు 2018 లో ప్రకటింపబడినవి. కొన్ని ప్రాంతములలో ఇరుగుపొరుగువారిని గుంపులుగ కూర్చి, వారిలోనుండియే నాయకులను ఎంచి శిక్షణ ఇచ్చిరి. రెండేండ్లలో వ్యాధి రాక నిశ్చయముగ తగ్గినదని చెప్పుటకు ఫలితములు చాలలేదు. కాని కూరగాయలు, పండ్లు తినుట పెరిగినది, మద్యపానము తగ్గినది. సామాన్యులైన పొరుగువారు ఇట్టి కూడికలను నడపగలరని దీనివలన తెలిసినది.

కలిసి పనిచేయుట మనకును కొత్త కాదు. పూర్వపు కరీంనగరు జిల్లాలోని ములుకనూరులో 1956 లో స్థాపించిన సహకార సంఘము దేశమున పేరుగాంచినది. అప్పునకు, పంటకు కలిసిన చేతులు ఆరోగ్యమునకును కలియవచ్చును.

నెలకొక కూడిక

పంచాయతీ చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. 30 ఏండ్లు నిండినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయు ప్రభుత్వ కార్యక్రమము ఇదివరకే కలదు. ఆశా కార్యకర్త, ఎ.ఎన్.ఎం. రోగులను ఎరుగుదురు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీలో పంచాయతీ సభ్యులకు స్థానము కలదు. ఆ కమిటీ ద్వారా నెలకొకసారి, మాత్రలు ఇచ్చు దినముననే, పల్లె దవాఖానలో గాని పాఠశాలలో గాని పది పదిహేనుమందిని కూర్చవచ్చును. ప్రతి రోగితో ఇంటిలో వంట చేయువారు ఒకరు వచ్చుట మేలు.

కూడికలో చేయదగిన పనులివి:

1. ఎ.ఎన్.ఎం. రక్తపోటు, బరువు, చక్కెర చూచి ప్రతివారి పుస్తకములో వ్రాయవలెను. మానిన మాత్రల సంగతి దాపరికము లేక చెప్పునట్లు ప్రోత్సహింపవలెను, మందలింపరాదు.

2. ఒకరి పాదములను మరియొకరు చూడవలెను. పగుళ్ళు, బొబ్బలు, చిన్న పుండ్లు కనబడినచో ఆ దినముననే వైద్యునికి చూపవలెను. కండ్ల పరీక్ష ఏడాదికొకసారి జరిగినదో లేదో అడుగవలెను.

3. తిండిని గూర్చి మాటలాడవలెను. జొన్నరొట్టె, గటక మంచివే. కాని అవియును చక్కెరగ మారునవే. ఎంత తినినను ఫరవాలేదనుట పొరపాటు. పళ్ళెములో సగము కూరలు, పావు పప్పు వంటివి, పావు అన్నము గాని రొట్టె గాని ఉండుట సులభమైన లెక్క.

4. రానివారి ఇంటికి మరునాడు ఒక సభ్యుడు పోయి పలుకరింపవలెను. ఈ ఒక్క పని తక్కినవానికంటె విలువైనది.

జాగ్రత్తలు

రోగుల పేర్లను నోటీసు బల్లపై అంటించుటగాని, మైకులో చదువుటగాని కూడదు. స్త్రీలు కోరినచో వారికి వేరుగ కూడిక జరుపవలెను.

ఒకరి మాత్రలు మరియొకరు వాడరాదు. కూడికలో ఎవరును ఎవరి మందు మోతాదును మార్పరాదు. చక్కెరను శాశ్వతముగ పోగొట్టెదమను నాటు మందులవారిని నమ్మి ఇన్సులిన్ మానుట ప్రాణాపాయము. ముఖ్యముగ చిన్నతనముననే వ్యాధి వచ్చి ఇన్సులిన్‌పై బ్రతుకు పిల్లల విషయములో ఇది ఎన్నడును జరుగరాదు. వారి ఉపాధ్యాయులకును సంగతి తెలిసియుండవలెను. మన జిల్లాలలో ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఫ్రిజ్ లేని ఇంట ఇన్సులిన్‌ను నీరు సోకకుండ కట్టి, తడి మట్టికుండలో నీడన ఉంచవలెను.

మందు వేసుకొని తిండి ఆలస్యమైనచో చక్కెర పడిపోవును. చెమట, వణకు, తలతిరుగుట, మాట తడబడుట దాని గుర్తులు. పరగడుపున కల్లుగాని సారాగాని త్రాగినవారికి ఈ అపాయము హెచ్చు. చూచువారు తాగిన మైకమని పొరబడుదురు. స్పృహ ఉన్నచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. పదిహేను నిమిషములలో తేరుకొనకున్నచో మరల ఇవ్వవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు. వెంటనే 108 వాహనమును పిలువవలెను.

ఉట్నూరు మొదలగు ఆదిలాబాదు ఏజెన్సీ గ్రామముల సభ్యులు మరియొకటి గుర్తుంచుకొనవలెను. అచ్చట కొడవలి కణ వ్యాధి కలవారు ఉన్నారు. అట్టివారికిని, రక్తహీనత కలవారికిని మూడు నెలల సగటు చక్కెర పరీక్ష తప్పుడు లెక్క చూపవచ్చును. ఈ సంగతిని వైద్యునికి ముందుగ చెప్పవలెను.

చర్చకు ప్రశ్నలు

మన ఊరిలో మధుమేహమునకు మందు వాడువారు ఎందరు? గత మూడు నెలలలో మాత్రలు మానినవారిని ఎవరైనను పలుకరించిరా? కూడికకు ఏ దినము, ఏ స్థలము అందరికి అనువైనది? ఒంటరిగ నివసించు వృద్ధులను తోడ్కొని వచ్చు బాధ్యత ఎవరిది?

రాబోవు పంచాయతీ సమావేశమున ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనినచో పని సగము జరిగినట్లే. తక్కిన సగము తొలి కూడిక నాడు నలుగురు ఒకచోట కూర్చుండి, "నాకును ఉన్నది" అని ఒకరితో ఒకరు చెప్పుకొనుటతో మొదలగును.