నలుగురు అన్నదమ్ములు – ఒక యాంటీబాడీ



డి.ఎన్.ఎ. నుండి వార్తాహర ఆర్.ఎన్.ఎ., దాని నుండి ప్రొటీన్ తయారవుతాయని మనం ఇంటర్‌లో చదువుకున్నాం. అయితే కణంలోని జన్యువులన్నీ అన్ని వేళలా పనిచేయవు. అవసరం లేని జన్యువును మౌనంగా ఉంచే ఏర్పాటు కణంలోనే ఉంది. దీనినే జీన్ సైలెన్సింగ్ అంటారు. ఇందులో ఒక ముఖ్యమైన ప్రొటీన్ గురించి, దానిని గుర్తించే యాంటీబాడీ గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఆర్గోనాట్-2 అంటే ఏమిటి?

1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనే అమెరికా శాస్త్రవేత్తలు ఒక చిన్న నులిపురుగులోకి రెండు పోగుల ఆర్.ఎన్.ఎ.ను పంపితే, దానికి సరిపోయే జన్యువు పని ఆగిపోతుందని నిరూపించారు. ఇందుకు 2006లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మన కణాల్లో ఈ పనిని ముందుండి చేసేది ఆర్గోనాట్-2. ఇది సుమారు 22 అక్షరాల చిన్న ఆర్.ఎన్.ఎ. ముక్కను పట్టుకొని, దానికి జత కుదిరే వార్తాహర ఆర్.ఎన్.ఎ.ను వెతుకుతుంది. జత పూర్తిగా కుదిరితే దాన్ని కత్తిరిస్తుంది. వార్త తెగిపోతే ప్రొటీన్ తయారు కాదు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే మందు పనిచేసేది ఈ సూత్రం మీదే.

దానిని ఎలా చూస్తారు?

ప్రొటీన్ కంటికి కనబడదు. అందుకే వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్ష చేస్తారు.

1. కణాలను పగులగొట్టి, వాటి ప్రొటీన్లను జెల్‌లో కరెంటుతో నడిపిస్తారు. చిన్నవి ముందుకు పోతాయి, పెద్దవి వెనుకబడతాయి.
2. వాటిని ఒక పలుచని పొర మీదికి మార్చి, పాలపొడి కలిపిన ద్రావణంలో ఉంచుతారు. దీనివల్ల యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోదు.
3. మొదటి యాంటీబాడీ మనకు కావలసిన ప్రొటీన్‌ను పట్టుకుంటుంది.
4. ఎంజైము తగిలించిన రెండవ యాంటీబాడీ మొదటిదానిని పట్టుకుంటుంది. తగిన రసాయనం పోస్తే ఆ చోట వెలుగు వచ్చి, ఫోటోలో ఒక పట్టీ కనబడుతుంది.

చిక్కు ఎక్కడ?

మనిషిలో ఆర్గోనాట్‌లు నాలుగు. నాలుగూ దాదాపు 97 కిలోడాల్టన్ల బరువే. అంటే పోలికలు ఒకటే, ఎత్తు కూడా ఒకటే అయిన నలుగురు అన్నదమ్ములన్నమాట. ఎత్తు చూసి హాజరు వేస్తే ఒకరి హాజరు ఇంకొకరికి పడుతుంది.

నా ప్రాజెక్టులో జరిగింది ఇదే. 97 దగ్గర చక్కని పట్టీ వచ్చిందని మురిసిపోయాను. తరువాత ఆర్గోనాట్-2 జన్యువును పూర్తిగా తీసేసిన కణాలతో అదే పరీక్ష చేశాను. పట్టీ పలచబడింది గానీ పోలేదు! అంటే నా యాంటీబాడీ మిగతా అన్నదమ్ములను కూడా పట్టుకుంటోంది. సెమినార్‌కు నాలుగు రోజులే ఉంది. ఆ ఫోటోను దాచేస్తే ఎవరికీ తెలియదు. హాస్టల్ నుండి వచ్చినవాడు తప్పు చేశాడంటారేమోనని భయం కూడా వేసింది. అయినా మూడు వారాల ఫోటోలు పక్కనపెట్టి, జరిగింది మా గైడ్ గారికి చెప్పాను.

ఈ నాలుగింటిలో ఎక్కువగా తేడా ఉండేది ప్రొటీన్ మొదటి కొసలో. ఆ భాగాన్ని గుర్తించే మరో యాంటీబాడీతో మళ్ళీ చేశాను. మామూలు కణాల్లో పట్టీ వచ్చింది, జన్యువు లేని కణాల్లో రాలేదు. యాక్టిన్ అనే ప్రొటీన్ పట్టీ మాత్రం రెండు చోట్లా సమానంగా ఉంది. అంటే రెండో గడి ఖాళీగా లేదు, ఆర్గోనాట్-2 మాత్రమే లేదు. అప్పుడు నమ్మాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఉన్నచోట ఉందని చెప్పడం సగం పరీక్షే. లేనిచోట లేదని చెప్పగలిగితేనే అది పూర్తి పరీక్ష. రేపు మీరు ఏ ల్యాబ్‌లో అడుగుపెట్టినా కంట్రోల్ లేకుండా ఫలితం రాయకండి. తప్పు కనబడితే దాచకండి. మన ఫలితాన్ని నమ్మి, దాని మీద ఇంకొకరు పని మొదలుపెడతారని గుర్తుంచుకోండి.